కొత్త పాటలన్నీ ఒకేలా ఉన్నాయా, నా చెవే ముసలిదైందా?

మీ ప్రశ్న సారాంశం ఇది: మీకు నలభై దాటాయి. పదిహేనేళ్ల మీ అమ్మాయి పెట్టే పాప్ పాటల్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియడం లేదు. రెండు నిమిషాలకే అయిపోతున్నాయి, గొంతులన్నీ మెషీన్‌లోంచి వచ్చినట్టున్నాయి, పాట కంటే దాని చుట్టూ జరిగే గోలే ఎక్కువైంది. "పాప్ సంగీతం నిజంగానే దిగజారిందా, లేక నాకు వయసైపోయిందా?" అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా రికార్డింగ్, మిక్సింగ్ పనిలో ఉన్నాను. పాట బయటికి రాకముందే దాన్ని ముక్కలు ముక్కలుగా వినే ఉద్యోగం. మీరు గమనించిన మార్పుల్లో చాలావరకు నిజమే. పాటలు చేసేవాళ్లలో సత్తా తగ్గిపోయిందన్న మీ అనుమానంతో మాత్రం నేను ఏకీభవించను. మారింది పాటకు డబ్బు లెక్కగట్టే పద్ధతి. ఆ పద్ధతి మారిన ప్రతిసారీ పాట రూపం దాని వెంటే నడిచింది.

ముందు వయసు సంగతి తేల్చేద్దాం. టీనేజీలో, ఇరవైల మొదట్లో విన్న పాటలు జీవితాంతం గట్టిగా గుర్తుండిపోతాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాసార్లు పరీక్షించి చూశారు. కాబట్టి మీ అభిప్రాయంలో కొంత వాటా వయసుదే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. రెండో వాటా జల్లెడది. పాతకాలంలోని చెత్త ఎప్పుడో రాలిపోయింది, మంచిదే మీ దాకా వచ్చింది. కొత్తకాలం జల్లెడ పట్టకుండా మొత్తంగా వచ్చి మీద పడుతోంది. 1969 అనగానే అందరికీ వుడ్‌స్టాక్ సంగీతోత్సవం, గిటార్ వాద్యకారుడు హెండ్రిక్స్, బీటిల్స్ బృందం గుర్తొస్తారు. ఆ ఏడాది, అమెరికాలో హిట్ పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక వార్షిక జాబితాలో మొదటి స్థానం ఎవరిదో తెలుసా? 'షుగర్ షుగర్' అనే పాటది. పాడింది ది ఆర్చీస్, అంటే ఒక కార్టూన్ సీరియల్‌లోని బొమ్మల బృందం. స్టూడియోకి పిలిపించిన గాయకులు పాడితే, తెర మీద బొమ్మలు పెదవులు కదిపాయి. ఇవాళ అలాంటిది జరిగితే సంగీతం చచ్చిపోయిందని ఎన్ని వ్యాసాలు వచ్చేవో!

ఇక "అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్న ఫిర్యాదు. దీని మీద రెండు పరిశోధనలు తరచూ చర్చకు వస్తాయి, రెండూ రెండు వైపులకు లాగుతాయి. 2012లో స్పెయిన్ పరిశోధకులు 1955 నుంచి 2010 దాకా వచ్చిన 4 లక్షల 64 వేలకు పైగా రికార్డింగుల డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించారు. స్వరాల కలయికల్లో వైవిధ్యం తగ్గుతోందనీ, వాద్యాల నాదంలో ఒకే రకం పెరుగుతోందనీ, పాటల శబ్దస్థాయి పెరుగుతూ పోతోందనీ తేల్చారు. మీ వాదనకు బలమే కదా. కానీ 2015లో లండన్ పరిశోధకులు 1960 నుంచి 2010 దాకా బిల్‌బోర్డ్ వారం వారం ఇచ్చే హాట్ 100 జాబితాలోకి ఎక్కిన దాదాపు 17 వేల పాటలను పరిశీలించి, పాటలు క్రమంగా ఒకే మూసలోకి వెళ్తున్నాయనడానికి ఆధారం లేదన్నారు. వాళ్ల లెక్కలో 1964, 1983, 1991ల్లో పెద్ద కుదుపులు వచ్చాయి. వైవిధ్యం బాగా పడిపోయిన కాలం 1980ల మధ్య భాగం, అంటే చాలామంది ఇప్పుడు స్వర్ణయుగం అని పిలుచుకునే రోజులు!

ఆ కాలం పాటలు మళ్లీ విని చూడండి. డ్రమ్స్ ఎక్కువగా అవే రెండు మూడు డ్రమ్ మెషీన్లవి. నెమ్మది పాటల్లో పియానో లాంటి మెరుపు శబ్దం వినిపిస్తే, అది చాలాసార్లు 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 కీబోర్డులో కంపెనీ వాళ్లే పెట్టి పంపిన రెడీమేడ్ శబ్దం. దాన్ని మార్చుకోవడం కష్టంగా ఉండేది కాబట్టి ఎంతోమంది ఉన్నదున్నట్టే వాడేశారు. ఒకేలా వినిపించడం ప్రతి కాలంలోనూ ఉంది. సామాను చవకై అందరి చేతికీ వచ్చినప్పుడు పెరుగుతుంది, హిప్ హాప్ లాంటిది బయటి నుంచి వచ్చి తలుపు తన్నినప్పుడు తగ్గుతుంది.

ఇక్కడ ఒక విషయం వృత్తిపరంగా చెప్పాలి. నలభై ఏళ్ల కిందటి పాటను వినడానికి అలవాటుపడ్డ చెవి బాణీ కోసం, కార్డ్స్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) కోసం వెతుకుతుంది. ఇప్పటి పాప్‌లో అవి నిజంగానే సాదాగా ఉంటాయి, చాలా పాటలు నాలుగు కార్డ్స్ చుట్టూనే తిరుగుతాయి. పనితనం అంతా వేరే చోటికి వెళ్లింది: బేస్ ఎంత లోతులో మొదలవుతోంది, గొంతు చెవి పక్కన ఉందా గది చివర ఉందా, పల్లవికి ముందు అర క్షణం నిశ్శబ్దం ఎక్కడ పెట్టారు, హై హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) ఎలా చీలుతోంది. ఫోన్ స్పీకర్‌లో వింటే వీటిలో సగం వినిపించవు, అప్పుడు మిగిలేది ఆ నాలుగు కార్డ్సే. మీరు ఎందులో విన్నారో రాయలేదు గానీ, వంటింట్లో పనిచేసుకుంటూ ఫోన్‌లో విని ఉంటే తీర్పు చెప్పడం తొందరపాటే.

గొంతుల గురించి మీరు అడిగింది నాకు బాగా దగ్గరి విషయం కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. ఆటో ట్యూన్‌ను కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణ రంగంలో పనిచేశారు. భూమిలోకి పంపిన కంపనాలు తిరిగి వచ్చే తీరును లెక్కగట్టి కింద ఏముందో చెప్పే గణితం ఆయనది. అదే రకం గణితంతో గొంతు ఏ స్వరం మీద ఉందో పసిగట్టి, సరైన స్వరానికి జరిపే సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికన్ గాయని షేర్ పాడిన 'బిలీవ్'లో దాన్ని కావాలని అతిగా వాడి, గొంతు విరిగినట్టు వినిపించేలా చేశారు. తమాషా ఏంటంటే, ఆ శబ్దం ఎలా తెచ్చారని అడిగితే ఆ పాట నిర్మాతలు మొదట్లో వేరే పరికరం పేరు చెప్పి తప్పించుకున్నారు. వృత్తి రహస్యం మరి.

స్టూడియోలో జరిగేది ఇది. గాయని వచ్చి పాటను ఏడెనిమిది సార్లు పాడుతుంది. ఆమె వెళ్లాక మేం కూర్చుని ఏ పంక్తి ఏ టేక్‌లో బాగుందో ఏరతాం. ఒక్కోసారి పంక్తి నుంచి మాటకి, మాట నుంచి అక్షరానికి దిగుతాం. మూడో టేక్‌లోని మాట మొదలు, ఆరో టేక్‌లోని దాని చివర, రెండింటి మధ్య అతుకు తెలియకుండా ఒక ఊపిరి చప్పుడు. దీన్ని కాంపింగ్ అంటాం, టేపుల కాలం నుంచీ ఉన్న పనే. ఆ తర్వాత శ్రుతి సరిచేయడం. స్క్రీన్ మీద ప్రతి స్వరం ఒక ముద్దలా కనిపిస్తుంది, దాని మీదుగా సన్నటి గీత గొంతు ఎలా కదిలిందో చూపిస్తుంది. మంచి గాయకులు చాలాసార్లు స్వరాన్ని సూటిగా పట్టుకోరు. కొంచెం కింద నుంచి జారి వచ్చి చేరతారు, పంక్తి చివర కావాలనే కొంచెం దిగుతారు. కంటికి అది తప్పులా కనిపిస్తుంది. మౌస్‌తో ఆ గీతను చదును చేయడానికి ఒక్క క్షణం చాలు.

ఆ క్షణంలోనే ప్రాణం పోయేది. మీరు విన్న "మెషీన్ గొంతు"లో రెండు రకాలున్నాయి. ఒకటి బాహాటంగా చేసేది. సరిచేసే వేగాన్ని సున్నాలో పెట్టి, గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి టక్కున దూకేలా చేస్తారు. గాయకుడు టీ పెయిన్ దాన్ని తన సంతకంలా చేసుకున్నాడు, 2008లో కాన్యే వెస్ట్ ఒక ఆల్బమ్ మొత్తం ఆ శబ్దంతోనే నింపి అందులో దుఃఖాన్ని పలికించాడు. దాంతో నాకు పేచీ లేదు. గిటార్‌కు డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని గరుకుగా చేయడం) ఎలాగో గొంతుకు అది అలాగ. రెండోది దొంగచాటుగా చేసేది. బాగా పాడగలిగినవాళ్ల గొంతును కూడా "ఎందుకైనా మంచిది" అని పూర్తిగా గీతకు కట్టేయడం. రేడియోలో మీ పాట పక్కన వచ్చే పాట కచ్చితంగా శ్రుతిలో ఉంటుంది, మీది కొంచెం అటూ ఇటూ ఉంటే తప్పు పాడారేమో అనిపిస్తుందన్న భయం. అలా అందరూ అందరికీ భయపడి, శ్రోతల చెవినే మార్చేశారు. ఇప్పుడు పిల్లలకు సరిచేయని గొంతు వినిపిస్తే "ఏదో తేడాగా ఉంది" అంటారు. కొత్త పాప్ మీద నాకున్న అసలైన ఫిర్యాదు ఇదే.

ఇక నిడివి. పాట మూడు నిమిషాలు ఉండాలని ఎవరూ శాసనం చేయలేదు. నిమిషానికి 78 సార్లు తిరిగే పది అంగుళాల పాతకాలం రికార్డు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే, అందుకని పాట అంతలో ముగిసేది. 1949లో వచ్చిన, నిమిషానికి 45 సార్లు తిరిగే రికార్డు, దాని మీద ఆధారపడ్డ రేడియో ఆ కొలతనే కొనసాగించాయి. ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డు వచ్చాక పాటలు సాగాయి, సీడీ వచ్చాక ఇంకా సాగాయి. రికార్డు కొన్నవాళ్లు దాన్ని ఒకసారి విన్నా వందసార్లు విన్నా కంపెనీకి వచ్చే డబ్బు ఒకటే. అందుకే ముందు సంగీతం ముప్పై సెకన్లు ఉన్నా ఎవరికీ దిగులుండేది కాదు, కొనేశారు కదా.

స్ట్రీమింగ్‌లో లెక్క వేరు. స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటేనే ఒక వినికిడి కింద జమ. ఇరవై తొమ్మిదో సెకనులో వేలు పక్కకు జరిపితే సున్నా. ముప్పై దాటాక రెండు నిమిషాల పాటైనా ఏడు నిమిషాల పాటైనా వచ్చేది అంతే. ఈ రెండు నియమాలు పక్కపక్కన పెట్టుకుని పాట చేసేవాడి కుర్చీలో కూర్చోండి. ముందు సంగీతం కోసేస్తారు. పల్లవినో, పల్లవిలోని కొసమెరుపునో మొదటి పది సెకన్లలోకి లాక్కొస్తారు. రెండో చరణం సగానికి తగ్గుతుంది. రెండో పల్లవి తర్వాత కొత్త బాణీలో వచ్చే భాగాన్ని బ్రిడ్జ్ అంటాం, పాట మొత్తాన్ని కొత్త వెలుగులో చూపించేది అదే. చాలా పాటల్లో అది పూర్తిగా ఎగిరిపోతుంది. పాట చటుక్కున ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి వినాలనిపించేలా. ఒక అమెరికన్ పరిశోధనలో టాప్ 10 పాటల్ని కొలిస్తే, 1980ల మధ్యలో సగటున ఇరవై సెకన్లకు పైగా ఉన్న ముందు సంగీతం 2015కల్లా అయిదు సెకన్లకు వచ్చింది. మీ చెవి మిమ్మల్ని మోసం చేయలేదు.

2019లో హిట్ అయిన లిల్ నాస్ ఎక్స్ 'ఓల్డ్ టౌన్ రోడ్' అసలు పాట నిడివి ఒక నిమిషం 53 సెకన్లు. దాని బీట్‌ను ఆన్‌లైన్‌లో 30 డాలర్లకు కొన్నాడు. రీమిక్స్ కూడా తోడై హాట్ 100లో వరుసగా 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. అప్పటినుంచి రెండు నిమిషాల పాట అంటే అందరూ నోరెళ్లబెట్టడం మానేశారు. అలాగని నిడివి ఉన్న పాటను జనం వినరని కాదు. 2021లో టేలర్ స్విఫ్ట్ తన పాత పాటకు పది నిమిషాల రూపం విడుదల చేస్తే అది కూడా హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లింది. అంత అభిమాన బలం ఉన్నవాళ్లకు ఆ ధైర్యం ఉంటుంది. మొదటి పాట పెడుతున్న ఇరవై ఏళ్ల పిల్లకు ఉండదు. వీడియో క్లిప్పుల వల్ల ఈ జబ్బు ఇంకో మెట్టు ఎక్కింది. పదిహేను సెకన్ల ముక్క వైరల్ అవ్వాలి కాబట్టి ముందు ఆ ముక్క రాసి, దాని చుట్టూ మిగతా పాట అల్లుతున్నారు. అలాంటి పాటలు కొన్ని నా దగ్గరికి మిక్సింగ్‌కు వస్తాయి. ఆ ముక్క దాటగానే ఏం చేయాలో పాటకే తెలియనట్టుంటుంది.

డబ్బు గురించి ఇంకొంచెం లోపలికి వెళ్దాం, ఎందుకంటే పాట చుట్టూ గోల అని మీరు అన్నదంతా ఇక్కడి నుంచే పుడుతుంది. మీరు నెలనెలా స్ట్రీమింగ్‌కు చందా కడతారు. నెలంతా ఒక్క చిన్న బృందం పాటలే విన్నారనుకుందాం. మీ చందాలో కళాకారుల వాటా ఆ బృందానికే వెళ్తుందని చాలామంది అనుకుంటారు. వెళ్లదు. అందరి డబ్బూ ఒకే కుండలో పోసి, అందులో సుమారు మూడింట రెండొంతులు హక్కుదారులకు తీసి, మొత్తం వినికిడుల్లో ఎవరి శాతం ఎంతో చూసి పంచుతారు. మీరు నెలకు ఇరవై గంటలు వింటారు, ఇంకొకరు పాటలు పెట్టి నిద్రపోయి రెండు వందల గంటలు వినిపిస్తారు. ఇద్దరూ కట్టింది ఒకటే. కుండలో డబ్బు ఎటు వెళ్లాలో నిర్ణయించడంలో ఆయనకు మీకంటే పది రెట్లు బలం. మీరు ప్రేమించిన బృందానికి చేరేది చిల్లర.

2024 నుంచి స్పాటిఫై ఇంకో నియమం పెట్టింది. గత పన్నెండు నెలల్లో వెయ్యి వినికిడులు కూడా రాని పాటకు పైసా ఇవ్వదు. ఆ వాటా పైనున్నవాళ్లకు పోతుంది. చెత్త పాటలు గుట్టలుగా ఎక్కించి చిల్లర ఏరుకునేవాళ్లను ఆపడానికే అన్నారు, అందులో కొంత నిజముంది. 2022 నాటికే రోజుకు లక్ష పాటలు కొత్తగా ఎక్కుతున్నాయని పరిశ్రమ పెద్దలు చెప్పారు. కానీ నిజాయితీగా మొదలుపెట్టినవాళ్ల మెడకు కూడా అదే తాడు. కొన్ని కంపెనీలు వేరే దారి ప్రయత్నించాయి. సౌండ్‌క్లౌడ్ 2021లో మీ చందా మీరు విన్నవాళ్లకే వెళ్లే పద్ధతిని చిన్న కళాకారుల కోసం మొదలుపెట్టింది. పెద్ద సర్వీసుల్లో మాత్రం కుండ కుండలాగే ఉంది. స్పాటిఫైలో డిస్కవరీ మోడ్ అని ఇంకోటి ఉంది: రాయల్టీలో కోత ఒప్పుకుంటే అల్గారిథమ్ మీ పాటను ఎక్కువమందికి చూపిస్తుంది. పాట వేయడానికి రేడియో వాళ్లు లంచం తీసుకున్నారని 1959లో అమెరికా చట్టసభ విచారణ చేసింది, మరుసటి ఏడాది రహస్య చెల్లింపులను నేరం చేశారు. అది పేయోలా కుంభకోణం. ఇప్పుడు అలాంటి బేరమే సెట్టింగ్స్‌లో ఒక ఆప్షన్‌గా ఉంది.

ఈ లెక్కలో బాగా దెబ్బతిన్నది మధ్యలో ఉన్నవాళ్లు. అట్టడుగున ఉన్నవాళ్లకు ఎప్పుడూ డబ్బు లేదు, శిఖరం మీద ఉన్నవాళ్లకు ఎప్పుడూ ఉంది. ఆల్బమ్ ముప్పై, నలభై వేల కాపీలు అమ్ముకుని ఇల్లు గడుపుకునే బృందాలు, వాళ్ల దగ్గర వాయించే డ్రమ్మర్లు, బేస్ వాద్యకారులు ఉండేవాళ్లు. ఆ పొర పలచబడింది. వాద్యకారుణ్ణి పిలిస్తే ఖర్చు, లాప్‌టాప్‌లో ముందే రికార్డు చేసి ఉన్న శాంపిల్‌కు ఖర్చు లేదు. మీకు పాటలు ఒకేలా వినిపించడానికి ఇదీ ఒక కారణం. చేతులు తగ్గాయి.

"ఒక్క పాటకు పదిమంది రచయితలా!" అని కూడా ఎగతాళి చేశారు. ఇక్కడ కొంచెం ఆగాలి. పాటల్ని గుంపుగా, ఫ్యాక్టరీలా చేయడం కొత్త కాదు. బెర్రీ గోర్డీ డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పెట్టకముందు కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు, ఆ పద్ధతినే పాటలకు తెచ్చాడు. పాట బయటికి పంపాలా వద్దా అని వారానికోసారి నాణ్యత పరీక్ష సమావేశం జరిగేది. తెర వెనక దాదాపు అవే చేతులు వందల హిట్లు వాయించాయి. మనం క్లాసిక్స్ అనుకునేవి ఎన్నో అక్కడివే. ఇప్పటి పాటల రచయిత, నిర్మాత మాక్స్ మార్టిన్ స్టాక్‌హోమ్ నుంచి వచ్చి, 1998లో బ్రిట్నీ స్పియర్స్ మొదటి హిట్ నుంచి 2019లో ద వీకెండ్ 'బ్లైండింగ్ లైట్స్' దాకా రాస్తూనే ఉన్నాడు. పేర్ల జాబితా పొడవవడానికి కోర్టులు కూడా కారణం. 2015లో 'బ్లర్డ్ లైన్స్' పాట మార్విన్ గే పాటను పోలి ఉందని జ్యూరీ తీర్పు ఇచ్చాక అందరికీ టెన్షన్ మొదలైంది. కొంచెం పోలిక కనిపించినా ముందే పాత పాట రచయితల పేర్లు చేర్చేస్తున్నారు. ఎడ్ షీరన్ అయితే, కేసుల భయంతో తాను పాట రాసే ప్రతిసారీ కెమెరా పెట్టి రికార్డు చేయిస్తున్నానని చెప్పాడు. పాట రాసేటప్పుడు లాయర్ కూడా గదిలో ఉన్నట్టే.

సత్తా తగ్గలేదని అన్నాను కదా, దానికి సాక్ష్యం కూడా ఇవ్వాలి. బిల్లీ ఐలిష్ మొదటి ఆల్బమ్‌ను ఆమె అన్న ఫినియస్ లాస్ ఏంజిలిస్‌లో వాళ్ల అమ్మానాన్నల ఇంట్లో, ఒక పడగ్గదిలో రికార్డు చేశాడు. 2020 గ్రామీల్లో నాలుగు ప్రధాన అవార్డులూ ఆమెకే వచ్చాయి. ఆ ఆల్బమ్‌లో గొంతు ఎంత నెమ్మదిగా, ఎంత దగ్గరగా ఉంటుందంటే, పెద్ద స్టూడియోలో గడియారం చూస్తూ పాడితే అది వచ్చేది కాదు. భాషల గోడ కూడా బాగా పగిలింది. 2012లో కొరియన్ పాట 'గంగ్నమ్ స్టైల్' యూట్యూబ్‌లో వంద కోట్ల వీక్షణలు దాటిన మొదటి వీడియో అయింది, ప్యూర్టోరికోకు చెందిన బ్యాడ్ బన్నీ స్పానిష్‌లో పాడుతూనే 2020 నుంచి వరుసగా మూడేళ్లు స్పాటిఫైలో ప్రపంచం ఎక్కువగా విన్న కళాకారుడయ్యాడు. నా చిన్నతనంలో ఇంగ్లిష్ కాని పాట ప్రపంచ హిట్ అంటే వింత.

ఇక పాట చుట్టూ గోల. ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. చార్టులో స్థానం ఇప్పుడు అభిమానులకు క్రికెట్ స్కోరులా అయింది. పాటను వినడానికి కాక లెక్క పెంచడానికి రాత్రంతా మోగిస్తారు, శబ్దం మ్యూట్ చేసి పెట్టొద్దు అని ఒకరికొకరు సూచనలు ఇచ్చుకుంటారు. కంపెనీలు దీన్ని పసిగట్టి వాళ్లనే పిండుతున్నాయి. ఒకే ఆల్బమ్‌ను ఆరు రంగుల వినైల్‌లో అమ్మడం, కొరియన్ ఆల్బమ్‌లలో ఏ సభ్యుడి ఫొటో కార్డు వస్తుందో తెలియకుండా పెట్టడం. కావలసిన ఫొటో దొరికేదాకా పిల్లలు మళ్లీ మళ్లీ కొంటారు. టీ షర్టులకు, టికెట్లకు ఆల్బమ్‌ను జతకలిపి అమ్మకాల లెక్క పెంచుకునే పద్ధతి ముదిరిపోయి 2020లో బిల్‌బోర్డే నియమాలు మార్చాల్సి వచ్చింది.

టికెట్ల కథ ఇంకా దారుణం. రికార్డింగుల్లో డబ్బు తగ్గేసరికి బరువంతా కచేరీల మీద పడింది. టేలర్ స్విఫ్ట్ ఎరాస్ టూర్ 149 ప్రదర్శనలతో 200 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. దాని ముందస్తు అమ్మకంలో 2022 నవంబర్‌లో టికెట్‌మాస్టర్ వెబ్‌సైట్ చేతులెత్తేస్తే, జనవరిలో అమెరికా సెనేట్ కమిటీ విచారణకు కూర్చుంది. 2024 మేలో అమెరికా న్యాయశాఖ దాని మాతృసంస్థ లైవ్ నేషన్ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. ఇంత ఖర్చు పెట్టి వెళ్లిన మనిషి ఆ పాట నచ్చలేదని ఎలా చెప్పగలడు? అభిమానం అక్కడే పక్షపాతంగా మారుతుంది. మీ అమ్మాయితో వాదించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మీరు పాటను విమర్శిస్తున్నారనుకుంటారు, ఆమెకు తన స్నేహితుల గుంపును తిట్టినట్టుంటుంది.

ఏఐ గురించి రెండు ముక్కలే రాస్తాను. 2024 జూన్‌లో మూడు పెద్ద రికార్డు కంపెనీలు, ఏఐతో పాటలు తయారుచేసే సూనో, యూడియోల మీద కాపీరైట్ కేసులు వేశాయి. ఆ హడావిడి కంటే నన్ను ఆలోచింపజేసింది అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికాలో ఒక వ్యక్తి మీద పెట్టిన కేసు. ఏఐతో లక్షల పాటలు తయారుచేయించి, వాటిని బాట్లతో వినిపించి కోటి డాలర్లకు పైగా రాయల్టీ కొట్టేశాడని అభియోగం. చేసింది మెషీన్, విన్నది మెషీన్, డబ్బు మాత్రం మనం చెప్పుకున్న కుండలోంచి వచ్చింది. వినికిడికి ఇంత అని లెక్కగట్టే చోట ఇలాంటిది జరగకపోతేనే ఆశ్చర్యం.

ఇక మీరు చివర్లో అడిగింది: ఏం వినాలి, ఎలా వెతకాలి. నేను పేర్ల జాబితా ఇవ్వను, అది నా అభిరుచి అవుతుంది. పద్ధతి చెప్తాను. మొదట ఆటోప్లే ఆపేయండి. అది మీరు ఇప్పటిదాకా విన్నదాని నీడనే మళ్లీ మీకు చూపిస్తుంది, ఆ తర్వాత అన్నీ ఒకేలా ఉన్నాయని మీరు విసుక్కుంటారు. రెండోది, మంచి హెడ్‌ఫోన్స్‌తో ఒకే పాటను మూడుసార్లు వినండి. ఒకసారి గొంతు, ఒకసారి బేస్, ఒకసారి వెనక ఏం జరుగుతోందో. మూడోసారికి కూడా ఏమీ దొరక్కపోతే ఆ పాటలో నిజంగానే ఏమీ లేదు, నిశ్చింతగా తీసేయండి. మూడోది, నచ్చిన పాట దొరికితే క్రెడిట్స్ తెరవండి. గాయకుల పేరు వదిలేసి నిర్మాత పేరు, మిక్స్ చేసినవాళ్ల పేరు, బేస్ ఎవరు వాయించారో చూసి వాళ్లు చేసిన మిగతా పాటలకు వెళ్లండి. నా అనుభవంలో అల్గారిథమ్ కంటే ఇది చాలా మెరుగ్గా పనిచేస్తుంది. ఎవరైనా చిన్న బృందం బాగా నచ్చితే వాళ్ల దగ్గరే నేరుగా ఆల్బమ్ కొనండి. ఒక్క ఆల్బమ్‌కు వాళ్లకు చేరే మొత్తం, మీరు ఏళ్ల తరబడి స్ట్రీమింగ్‌లో వింటే చేరేదానికంటే ఎక్కువ.

మీ అమ్మాయి విషయంలో, తనకు బాగా నచ్చిన ఒక్క పాట పెట్టమని అడిగి, ఎందుకు నచ్చిందో ఆ చోటు రాగానే చెప్పమనండి. చాలామంది పిల్లలు మాటల్ని గానీ బాణీని గానీ చూపించరు. ఒక శబ్దాన్ని, ఒక ఆగడాన్ని, గొంతు గరగరలాడిన ఒక చోటును చూపిస్తారు. నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు కూడా అంతే, బేస్ ఎంత లోతుగా ఉందో నాకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. పాట మధ్యలో మాట్లాడకుండా చివరిదాకా వినండి, ఎలాగూ రెండు నిమిషాలే. ఆ తర్వాత మీ పాట ఒకటి పెట్టండి, ముందు సంగీతం ముప్పై సెకన్లు ఉన్నదే పెట్టండి. స్కిప్ బటన్ తన చేతికి అందకుండా చూసుకోండి.